చెప్పామనుకుంటే సరిపోదు

తుపాను వేళ ఓడరేవుల్లో ఎగరేసే హెచ్చరికలకు పదకొండు నంబర్లున్నాయి. ఒకటి, రెండు దూరపు హెచ్చరికలు. మూడు, నాలుగు స్థానికంగా జాగ్రత్త పడమనేవి. అయిదు నుంచి ఏడు దాకా ప్రమాదం, ఎనిమిది నుంచి పది దాకా మహా ప్రమాదం. పదకొండోది మాత్రం గాలి వేగం గురించి కాదు. వాతావరణ కేంద్రంతో సంబంధాలన్నీ తెగిపోయాయి, ఇక్కడున్న అధికారికి పరిస్థితి బాగాలేదని తోస్తోంది అని చెప్పడానికి పెట్టిన నంబరది. మాట అందకపోవడాన్ని మహా ప్రమాదం కంటే పైమెట్టు మీద పెట్టిన ఆ పాతకాలపు ఏర్పాటు నాకెంతో తెలివైనదిగా కనిపిస్తుంది.

ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో చీరాల దగ్గరి వాడరేవు పేరు పేపర్లకెక్కేది ఈ నంబర్లతోనే. 'నిజాంపట్నం, వాడరేవు, మచిలీపట్నం రేవుల్లో మూడో నంబరు హెచ్చరిక' అని టీవీ కింద స్క్రోలింగ్ పరుగెడుతుంది. చీరాలలో టీ కొట్టు దగ్గర నలుగురిని ఆపి మూడో నంబరంటే ఏమిటని అడిగి చూడండి. 'గాలొస్తదంట' అంటారు తప్ప, ఇప్పుడు ఏం చేయాలో చెప్పలేరు. తప్పు వాళ్ళది కాదు. ఆ నంబర్లు పుట్టింది ఓడల కెప్టెన్ల కోసం. పగలు స్తంభం మీద శంకువులు, స్తూపాలు, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలు చూసి వాళ్ళు లంగరు సంగతి తేల్చుకునేవారు. వాళ్ళ భాష వాళ్ళకు తెలుసు. దాన్ని అలాగే తెచ్చి పూరిగుడిసెలో ఉన్న మనిషికి వినిపిస్తే చెప్పినవాడికి చెప్పానన్న తృప్తి మిగులుతుంది, విన్నవాడికి అంకె మిగులుతుంది. ఈమధ్య వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులకు, ఏ పంటకు, ఏ ఇంటికి ఏం జరగొచ్చో చెప్పే పద్ధతికి మారింది. అది మేలు.

చెప్పడానికీ అందడానికీ మధ్య ఉన్న ఈ దూరం ఉద్యోగాల్లోనూ ఉంది. ఉద్యోగంలో రాణించాలంటే మాట్లాడే నేర్పు, నలుగురి ముందు విషయాన్ని ప్రదర్శించే నేర్పు, సమయాన్ని సర్దుకునే నేర్పు కావాలని ముప్ఫై ఏళ్ళుగా వింటున్నాం. పుస్తకాలొచ్చాయి, శిక్షణ సంస్థలొచ్చాయి, కాలేజీల్లో ల్యాబులొచ్చాయి. ఇంత చేశాక ఏం తేలింది? వాడరేవులో మొదలై పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట మీదుగా పిడుగురాళ్ళ వైపు పోయే 167ఏ జాతీయ రహదారి పక్కన చేపల రేవుంది, పత్తి చేలున్నాయి, మిర్చి కళ్ళాలున్నాయి, ఎరువుల కొట్లున్నాయి, ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. ఈ నైపుణ్యాలను తూచడానికి ఇంతకంటే మంచి కాటా దొరకదు. తూచి చూస్తే నాకు అర్థమైంది ఇది: మనం నేర్పుతున్నది ఎక్కువగా మాట్లాడేవాడు ఎలా కనపడాలన్నదే. వినేవాడు ఆ మాటతో ఏం చేయగలడన్నది ఎవరూ నేర్పడం లేదు. పైగా నేర్చుకోవాల్సిన భారమంతా కొత్తగా చేరిన కుర్రాడి మీద వేసి, సమాచారమూ అధికారమూ చేతిలో ఉన్న పెద్దలను పరీక్షకే కూర్చోబెట్టడం లేదు.

ముందు కాలేజీ సంగతి. చివరి ఏడాదిలో క్యాంపస్ రిక్రూట్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో నడిచే తరగతులు ఈ ప్రాంతపు పిల్లలందరికీ తెలుసు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ అని ఒక పేజీ బట్టీ పట్టిస్తారు. తండ్రి వ్యవసాయం చేస్తాడని ఒక వాక్యం, 'మై స్ట్రెంగ్త్ ఈజ్ హార్డ్ వర్క్' అని ఒక వాక్యం. పర్చూరు పిల్లైనా, అద్దంకి పిల్లాడైనా అదే పేజీ. తండ్రి ఎన్నెకరాల్లో ఏం వేశాడు, నిరుడు తాలు కాయ ఎందుకెక్కువైంది, మధ్యవర్తికి ఎంత బాకీ పడ్డాడు అని అడిగితే అదే పిల్లాడు అరగంట అనర్గళంగా చెబుతాడు. కారణాలు చెబుతాడు, లెక్కలు చెబుతాడు, తండ్రి చేసిన తప్పూ చెబుతాడు. ఉద్యోగం ఇచ్చేవాడు వినాలనుకునేది అదే. దాన్ని మాన్పించి బట్టీ పేజీ ఇస్తున్నాం.

ఈ తరగతుల్లో తప్పకుండా వినిపించే మాట ఇంకొకటుంది: మనం చెప్పే విషయంలో మాటల వాటా ఏడు శాతమే, గొంతుది 38, ముఖకవళికలది 55 అని. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1967లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చిన అంకెలివి. ఆయన ఒంటి మాటలను వేర్వేరు గొంతుల్లో వినిపించి, ఆ మాటన్న మనిషికి ఇష్టమా అయిష్టమా అని అడిగాడు. భావోద్వేగం గురించి తప్ప మామూలు సమాచారానికి ఈ లెక్క వర్తించదని ఆయనే స్పష్టం చేశాడు. అయినా మన స్లైడ్లలో అది చావలేదు. మందు డబ్బా మీద మోతాదు చదివి చెప్పేటప్పుడు మాటల విలువ ఏడు శాతమేనని ఎవడైనా అంటే, వాడి మాట విని మందు కొట్టేవాడి గతి ఆలోచించండి.

తెలుగులో ఈ విద్యకు పాఠకులను సంపాదించిపెట్టిన వాళ్ళను చిన్నచూపు చూడనక్కర్లేదు. యండమూరి 'విజయానికి అయిదు మెట్లు', బి.వి. పట్టాభిరామ్ పుస్తకాలు, ఉపన్యాసాలు పల్లెల నుంచి వచ్చిన ఒక తరానికి వేదికెక్కే ధైర్యాన్నిచ్చాయి. ఇంగ్లీషు రాకపోవడం తెలివి లేకపోవడం కాదని తెలుగులోనే చెప్పడం చిన్న మేలు కాదు. ఆ తర్వాత సాఫ్ట్‌వేర్ వచ్చింది. 1997లో ఢిల్లీలో బిల్ గేట్స్‌ను కలిసి, పది నిమిషాలకని ఇచ్చిన సమయంలో ల్యాప్‌టాప్‌తో నలభై నిమిషాలు వివరించానని చంద్రబాబు ఎన్నోసార్లు చెప్పుకున్నారు. మరుసటేడే హైదరాబాదులో మైక్రోసాఫ్ట్ కేంద్రం వచ్చింది. రాజకీయాలు ఎలా ఉన్నా, పవర్‌పాయింట్ మీద తెలుగు మధ్యతరగతికి భక్తి కుదిరింది అప్పుడే. ఆ భక్తి ఎంతదూరం పోయిందంటే, ఇప్పుడు మండల స్థాయి సమీక్షకు కూడా ముప్ఫై స్లైడ్లు తయారవుతాయి. అందులో ఊరి పేరు మార్చితే పక్క మండలానికీ సరిపోతాయి.

స్లైడు తెచ్చిన చేటుకు లోకమంతా చెప్పుకునే ఉదాహరణ మన కల్పనా చావ్లా ప్రాణం తీసిన ప్రమాదంలోనే ఉంది. 2003 జనవరి 16న కొలంబియా నౌక ఎగిరిన నిమిషంన్నర లోపే ఇంధన ట్యాంకు మీది నురగ పలక ఊడి ఎడమ రెక్కను కొట్టింది. నౌక ఇంకా ఆకాశంలో ఉండగానే ఇంజనీర్లు నష్టాన్ని అంచనా వేసి స్లైడ్లు చూపించారు. పరీక్షల్లో వాడిన ముక్క కంటే, నిజంగా తగిలిన ముక్క పరిమాణం దాదాపు 640 రెట్లు పెద్దదన్న సంగతి ఒక స్లైడులో అట్టడుగున, చిన్నక్షరాల్లో, బులెట్ కింద బులెట్‌లో ఉంది. శీర్షిక మాత్రం ధీమాగా ఉంది. పైవాళ్ళు శీర్షిక చదివారు. ఫిబ్రవరి 1న ఏడుగురూ పోయారు. గణాంక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టఫ్టే ఆ స్లైడును వాక్యం వాక్యం విప్పి చూపించాడు, దర్యాప్తు సంఘం కూడా సాంకేతిక నివేదికల స్థానంలో స్లైడ్లు వాడే అలవాటును తప్పుపట్టింది. మరుసటేడు అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పెద్ద సమావేశాల్లో స్లైడ్లు మాన్పించి, పూర్తి వాక్యాల్లో రాసిన నోటు తెచ్చుకోమన్నాడు. వాక్యం రాయాలంటే కర్త, క్రియ కావాలి. ఎవరు ఏం చేయాలో తేలకుండా వాక్యం పూర్తికాదు, బులెట్ అయితే పూర్తవుతుంది.

ప్రదర్శన అంటే తెర మీది బొమ్మలే అనుకునేవాళ్ళు వాడరేవుకు నాలుగడుగుల దూరంలో 1921లో జరిగింది తెలుసుకోవాలి. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మున్సిపాలిటీ చేసి, ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్నును నలభై వేల దాకా పెంచినప్పుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వచ్చి నిలబడ్డాడు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివిన మనిషి కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని, రామదండు అనే సేవాదళాన్ని నడిపాడు. పురాణం తెలిసిన జనానికి పురాణం భాషలో చెప్పాడు. ఆ ఏప్రిల్లో గాంధీ వచ్చి పన్ను కట్టకుండా ఉండటం, ఊరు వదిలిపోవడం అని రెండు దారులు చూపితే, ఊళ్ళో అత్యధికులు ఇళ్ళు వదిలి మున్సిపాలిటీ హద్దు దాటి రామ్‌నగర్ అనే కొత్త ఊరు కట్టుకున్నారు. దాదాపు పదకొండు నెలలు పాకల్లో బతికారు. స్లైడు లేదు, మైకు లేదు. రెండు దారుల్లో ఒకటి ఎంచుకున్నాక చేయాల్సిన పని ఒక్కటే, అదీ విన్న ప్రతివాడికీ తెలుసు. కానీ ఇంకో సంగతి కూడా దాచకూడదు. సెప్టెంబరులో గోపాలకృష్ణయ్యను అరెస్టు చేశాక ఆ ఉత్సాహం నిలబడలేదు. ఒక్క మనిషి వాక్చాతుర్యం మీద ఆధారపడ్డ ఏ పనికైనా ఆ గతి తప్పదు. నేటి కంపెనీల్లో 'ఆయన లేకపోతే క్లయింట్ కాల్ నడవదు' అనుకునే జట్లు ఇది గుర్తుంచుకోవాలి.

సముద్రం దగ్గరికే మళ్ళీ వద్దాం. హైదరాబాదులో 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఉపగ్రహాల నుంచి సముద్రపు ఉపరితల ఉష్ణోగ్రత, నీటి రంగు లెక్కగట్టి, చేపలు గుమిగూడే చోట్లను అంచనా వేస్తుంది. ఆ శాస్త్రం సామాన్యమైంది కాదు. కానీ తీరానికి పంపే సమాచారంలో ఆ శాస్త్రం ఒక్క ముక్క కనపడదు. ఏ రేవు నుంచి, ఏ దిక్కుకు, ఎన్ని కిలోమీటర్లు, అక్కడ నీటి లోతెంత. అంతే. తెలుగులోనూ ఇస్తారు. బోటు నడిపే మనిషి తన రేవు పేరుతో మొదలయ్యే వాక్యాన్ని వింటాడు, డీజిల్ లెక్క అక్కడికక్కడే వేసుకుంటాడు. పోవాలా వద్దా అన్న నిర్ణయం అతనిదే. శాస్త్రవేత్తకు తెలిసినదంతా చెప్పకుండా, వేటగాడికి కావలసింది మాత్రం చెప్పడం ఎంత కష్టమో, పీహెచ్‌డీ చేసిన ఏ మనిషినైనా అడగండి. పని దగ్గర మాట ఎలా ఉండాలన్నదానికి నేను చూపించగలిగిన మంచి నమూనా ఇదే. ఏ మేనేజరైనా తన మెయిల్‌ను దీని పక్కన పెట్టి చూసుకోవచ్చు.

రోడ్డు పట్టుకుని పడమరకు పోతే నమూనా తిరగబడుతుంది. 2021 ఖరీఫ్‌లో గుంటూరు, ప్రకాశం మిర్చి తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి పూతంతా రాల్చింది. శాస్త్రవేత్తలు చెప్పింది ఏమిటంటే: మందుల మీద మందులు మార్చి మార్చి కొట్టకండి, దానివల్ల మిత్రపురుగులు చచ్చి ఇది ఇంకా పెరుగుతుంది, నీలం జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె వాడండి, కలుపు తీయండి. మాట సరైనదే. పురుగుమందుల కొట్టు దగ్గర సాయంత్రం ఏడు గంటలకు నిలబడితే వినపడేది వేరే.

'అన్నా, పూతలో నల్లగా పాకుతుంది. ఏం కొట్టమంటావు?'

'ఇది పట్టుకెళ్ళు. రెండురోజుల్లో నువ్వే వచ్చి చెబుతావు.'

'డబ్బులు...'

'కాయలమ్మాక చూద్దాంలే, ముందు తోట చూసుకో.'

ఈ మూడు ముక్కల్లో ఎంత నేర్పుందో గమనించండి. ఒకటే పని చెప్పాడు. ఫలితం ఎప్పుడు కనపడుతుందో చెప్పాడు. రైతును మళ్ళీ రమ్మన్నాడు. అప్పు అడగకముందే ధైర్యం చెప్పాడు. అటువైపు సలహా పత్రంలో అరడజను పనులు, 'తగిన మోతాదులో', 'అవసరాన్ని బట్టి' అన్న మాటలు, ఎప్పటికి తగ్గుతుందో చెప్పలేని నిజాయతీ. పైగా ఒక పనిని మానమని చెప్పడం ఎప్పుడూ చేయమని చెప్పడం కంటే కష్టం. ఎకరాకు లక్ష దాటి పెట్టుబడి పెట్టిన మనిషి చేతులు కట్టుకుని ఎలా కూర్చుంటాడు? నిజం ఓడిపోయింది, చెప్పిన తీరు వల్ల కొంత, అప్పు వల్ల కొంత. ఆ రెండో సగాన్ని ఏ కమ్యూనికేషన్ క్లాసూ తీర్చలేదు. మనం ఎవరికి బాకీ ఉన్నామో ఆ మనిషి మాట ఎప్పుడూ బరువుగానే వినపడుతుంది. 1987-88లో ఇదే నేల మీద పత్తి రైతులు తెల్లదోమ, పచ్చపురుగుల దెబ్బకు అప్పుల్లో మునిగి ప్రాణాలు తీసుకున్నప్పుడు కూడా సలహా ఇచ్చినవాడు, సరుకమ్మినవాడు, అప్పిచ్చినవాడు చాలాచోట్ల ఒక్కడే.

కొలతల సంగతి మరీ అన్యాయం. డబ్బా మీది కాగితంలో హెక్టారుకు ఇన్ని మిల్లీలీటర్లు, ఇన్ని లీటర్ల నీటిలో అని ఉంటుంది. రైతు హెక్టారు ఎరగడు, ఎకరం ఎరుగుతాడు. లీటరు కొలవడు, ట్యాంకులు లెక్కపెడతాడు. 'ఎకరాకు ఎన్ని ట్యాంకులు, ట్యాంకుకు ఎన్ని మూతలు' అన్న ఆయన ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు, కొట్టతని నోట్లో ఉంది. డబ్బా మీద విషతీవ్రత చెప్పే త్రికోణం రంగులు కూడా అంతే: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ వరసలో విషం తగ్గుతుంది. ఆకుపచ్చ అంటే తక్కువ విషమే గానీ విషం లేదని కాదు. ఈ ఒక్క మాట ఎవరైనా విడమర్చి చెబితే ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్ళు పెరుగుతారు.

కొట్టతన్ని తిట్టి లాభం లేదని గ్రహించిన సంస్థ ఒకటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ 2003లో ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసమే 'దేశీ' అనే ఏడాది డిప్లొమా మొదలుపెట్టింది. రైతు ఎలాగూ మొదట అడిగేది కొట్టతన్నే కాబట్టి అతనికే వ్యవసాయం నేర్పాలన్న ఆలోచన. తరగతులు వారానికొకరోజు, బజారుకు సెలవున్న రోజు. వ్యాపారం పాడుకాకుండా చదువు, మధ్యమధ్య పొలాల సందర్శన. నైపుణ్య శిక్షణల పేరిట మన రాష్ట్రాల్లో నడిచిన వాటిలో ఇంత ఆలోచించి వేసిన అడుగు అరుదు. మాట ఎక్కడ మారుతోందో చూసి అక్కడ పట్టుకున్నారు, నేర్చుకునేవాడి సమయాన్నీ గౌరవించారు. డిప్లొమా గోడకు తగిలించి పాత వ్యాపారమే చేసేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అమ్మకం మీద కమీషన్ ఉన్నంతకాలం ఉంటారు.

ఇక సమయం. ఈ విషయం మీద రాసిన పుస్తకాలన్నీ దాదాపుగా ఒకటే చెబుతాయి: పనులు రాసుకో, ముఖ్యమైనవి ముందు చెయ్యి, ఫోను పక్కన పెట్టు. తప్పేం లేదు. ఎంత సమయమిస్తే పని అంతకూ సాగుతుందని 1955లో పార్కిన్సన్ అనే చరిత్రకారుడు అన్నాడు. ఏ పనికైనా మనం వేసే అంచనా తక్కువే ఉంటుందని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో చూపించారు. ఇల్లు కట్టిన ప్రతి తెలుగువాడికీ ఇది అనుభవమే. ఈ పుస్తకాలన్నీ తన గంట తన చేతిలో ఉన్న మనిషి కోసం రాసినవి. మన దగ్గర ఎక్కువమంది గంట ఇంకొకరి చేతిలో ఉంటుంది.

గుంటూరు మిర్చి యార్డుకు సీజన్లో లక్ష టిక్కీలు (బస్తాలు) దాటి వచ్చే రోజులుంటాయి. సరుకు ఎక్కువై యార్డుకు సెలవు ప్రకటిస్తే, ఆ కబురు లారీకి ఎత్తకముందు అందిందా, గుంటూరు చుట్టుగుంట దగ్గర ఆగాక అందిందా అన్నదాన్నిబట్టి రైతుకు కిరాయి, నిద్ర, ఒక్కోసారి ధర కూడా పోతాయి. పొగాకు వేలంలో రైతుల వంతు ముందే చెబుతారు. నో బిడ్ పడితే బేలు వెనక్కి తెచ్చుకోవాల్సిందే, ధరకు హామీ లేదు, కానీ రోజైనా తెలుస్తుంది. పత్తికి 2025-26 సీజన్ నుంచి భారత పత్తి సంస్థ (సీసీఐ) కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ పద్ధతి పెట్టింది. ఆలోచన మంచిది. క్యూలో పడిగాపులు తప్పాలి. అయితే ఆ అక్టోబరులోనే మోంథా తుపాను వచ్చి పత్తి తడిసింది. తేమ పన్నెండు శాతం దాటితే కొనరు, ఆరేదాకా స్లాట్ ఆగదు. ఆకాశాన్ని లెక్కలోకి తీసుకోని టైమ్‌టేబుల్ ఈ జిల్లాల్లో పనికిరాదన్నది వాడరేవు వేటగాళ్ళకు పుట్టుకతో తెలుసు. వాళ్ళ ఏడాది పోటు, పాటు, గాలి మీద నడుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులు వలలు అల్లుకోవడానికి, బోటు బాగు చేసుకోవడానికి పోతాయి.

ఆఫీసుల్లో మాత్రం సమయం పైనుంచి కిందికి ఖర్చవుతుంది. పొద్దున టెలీకాన్ఫరెన్స్, మధ్యాహ్నం వీడియో కాన్ఫరెన్స్, సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ఫొటోలు. గంటసేపటి కాన్ఫరెన్సులో కిందిస్థాయి ఉద్యోగికి పనికొచ్చేది నాలుగు నిమిషాలు. మిగతాసేపు మ్యూట్‌లో పెట్టి పని చేసుకుంటాడు, లేదా మ్యూట్‌లో పెట్టి ఊరుకుంటాడు. రెండు వందలమంది గంటసేపు విన్నారంటే రెండు వందల గంటలు పోయినట్టే, అయినా ఏ సమీక్షలోనూ ఆ ఖర్చు రాయరు. సోమవారం అర్జీల రోజు కలెక్టరేట్ మెట్ల మీద కూర్చునే ముసలమ్మ గంటల సంగతి సరేసరి. టైమ్ మేనేజ్‌మెంట్ క్లాసు ఎవరికి పెట్టాలో ఇక్కడే తెలుస్తుంది.

కాబట్టి ఈ దారిలో కాలేజీలు నడిపేవాళ్ళకు, శిక్షణలిచ్చేవాళ్ళకు ఒక మనవి. చివరి ఏడాది పిల్లలను ఫిబ్రవరిలో ఒకరోజు మిర్చి యార్డుకు తీసుకెళ్ళండి. సరుకమ్మిన రైతు చేతిలో తక్‌పట్టీ ఉంటుంది: బరువు, ధర, కమీషన్, హమాలీ, తీసుకున్న బయానా. అందులో ఏ పైసా ఎందుకు పోయిందో ఆ పట్టీ చూపించి ఆయనకు తెలుగులో వివరించమనండి. పది నిమిషాలకంటే ఎక్కువ ఆయన్ను ఆపకూడదు. తర్వాత ఆ రైతునే తిరిగి చెప్పమనండి. ఆయన చెప్పగలిగితే ఆ పిల్లవాణ్ణి పాస్ చేయండి. ఇదే పరీక్ష మీ దగ్గర సమీక్షలు నడిపే అధికారులకూ ఒకసారి పెట్టి చూడండి.